గాజుపాత్రలో కోడెలు, పెయ్యలు

ప్రతి సంవత్సరం ఇంటర్మీడియేటు తరగతిలో లింగ నిర్ధారణ పాఠం వచ్చేసరికి నాకు ఒక ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. కామారెడ్డికి చదువు కోసం వచ్చే పిల్లలలో ఎల్లారెడ్డి వైపు నుంచి, నిజాంసాగరు చుట్టుపట్ల గ్రామాల నుంచి బస్సులలో వచ్చేవారు చాలమంది ఉన్నారు. వీరి ఇళ్ళలో ఒకటి రెండు బర్రెలో, ఒక సంకరజాతి ఆవో ఉండకపోదు. నల్లబల్లపై క్రోమోజోముల పటం గీసి, శుక్రకణాలలో సగం ఎక్స్ క్రోమోజోము గలవి, సగం వై క్రోమోజోము గలవి, కనుక సంతానంలో సుమారు సగం ఆడ, సగం మగ అని ముగించబోతూ ఉండగా వెనుక బల్ల నుంచి ఎవరో ఒకరు లేస్తారు.

"సార్, సూది ఏపిస్తే అన్నీ కోడెదూడలే పుడ్తయంటడు మా నాయన. నిజమేనా?"

సూది అనగా కృత్రిమ గర్భధారణ. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో నిలవ ఉన్న వీర్యనాళికను గోపాలమిత్ర తెచ్చి, గోరువెచ్చని నీటిలో కరగించి, ఎదకు వచ్చిన పశువు గర్భాశయంలోకి ఎక్కిస్తాడు. సాధారణ వీర్యనాళికలో రెండు రకాల శుక్రకణాలూ ఆంబోతు ఇచ్చిన పాళ్ళలోనే ఉంటాయి. చలికి ఒక రకం చచ్చి మరొక రకం బతకదు. కనుక సూది వేసినా, ఆంబోతు దాటినా లెక్క ఒకటే.

మరి ఆ తండ్రి అబద్ధమాడుతున్నాడా? లేదు. ఆయన కొట్టంలో వరుసగా మూడు ఈతలు కోడెలే అయి ఉంటాయి. ఒక ఈతలో కోడె పుట్టే అవకాశం రెండింట ఒకటి. మూడు ఈతలూ కోడెలే కావడానికి ఎనిమిదింట ఒకటి. ఊరిలో మూడేసి ఈతలు చూచిన ఇళ్ళు 80 ఉన్నవనుకొందాం. వాటిలో సగటున 10 ఇళ్ళలో మూడూ కోడెలే, మరి 10 ఇళ్ళలో మూడూ పెయ్యలే. పెయ్యలు పుట్టిన పది ఇళ్ళవారు సంతోషంతో ఊరకుంటారు. కోడెలు పుట్టిన పది ఇళ్ళవారు రచ్చబండ దగ్గర సూదిని తిడతారు. ట్రాక్టర్లు రాకముందు ఈ తిట్టు కూడ ఉండేది కాదు. నాడు కోడెదూడ పుట్టుట భాగ్యం, నేడు అది పాలు తాగే ఖర్చు.

ఇంతవరకు చెప్పి నవ్వి ఊరుకునేవాణ్ణి. గర్భం కలిగించే పద్ధతికీ దూడ ఆడదా మగదా అనేదానికీ సంబంధమే ఉండదని, అది మూఢ నమ్మకమని కూడ ఒకటి రెండుసార్లు అన్నాను. కృత్రిమ గర్భధారణ విషయంలో నా మాట సరియైనదే. కాని "సంబంధమే ఉండదు" అన్నది తొందరపాటు. గర్భం బయట, గాజుపాత్రలో పిండాన్ని తయారుచేసే పద్ధతిలో ఆ సంబంధం ఉండగలదని చూపిన పత్రాలు ఉన్నవి. వాటిలో ఒకదానిని, దానికి తరువాత పట్టిన గతిని ఇక్కడ విమర్శకు తీసుకొంటున్నాను.

ఆ పత్రం 1992లో కెనడా దేశపు గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడినది. రచయితలు షు, యాదవ్, కింగ్, బెటరిడ్జ్ అనే నలుగురు. ప్రయోగశాలలో ఉత్పత్తి చేసి, ప్రయోగశాలలోనే పెంచిన పశు పిండాల వృద్ధి వేగంలో లింగాన్ని బట్టి కనిపించే భేదాలు అన్నది దాని విషయం. అంతకు ముందు ఏడాది, 1991లో, డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో ఏవరీ, మాడిసన్, గ్రేవ్ అనేవారు ఇటువంటి ఫలితాన్నే ప్రకటించారు. సారాంశం ఇది: వారం రోజులు గడిచేసరికి ముందంజలో ఉన్న పిండాలలో మగవి ఎక్కువ, వెనుకబడిన వాటిలో ఆడవి ఎక్కువ.

పద్ధతి తెలియనిదే విమర్శ అర్థం కాదు కనుక దానిని కొంచెం వివరిస్తాను. కబేళా నుంచి ఆవుల అండాశయాలను తెచ్చి, వాటి పుటికల నుంచి అండాలను సూదితో పీల్చి తీస్తారు. బతికి ఉన్న ఆవు నుంచి కూడ తీయవచ్చును, అది తరువాత వచ్చిన పద్ధతి. ఈ అండాలు అప్పటికి పక్వం కావు. వాటిని పశువు శరీర ఉష్ణోగ్రతయైన 38.5 డిగ్రీల వద్ద సుమారు ఒక రోజు ఉంచి పక్వం చేస్తారు. తరువాత శుక్రకణాలతో కలుపుతారు. ఫలదీకరణం జరిగిన అండాలను ఉప్పులు, ఆమ్లాలు, పోషకాలు కలిపిన వర్ధన యానకంలోకి మారుస్తారు. ఈ యానకం చిన్న చిన్న చుక్కలుగా పళ్ళెం అడుగున ఉంటుంది. ఆరిపోకుండ పైన నూనె పోస్తారు. అండం రెండు కణాలు, నాలుగు, ఎనిమిది అవుతూ, ఆరవ రోజుకు మల్బరీ పండు వంటి ముద్దయై, ఏడవ రోజుకు లోపల నీరు చేరి బుడగవలె ఉబ్బుతుంది. దీనిని బ్లాస్టోసిస్టు అంటారు. ఇదే ఆవు గర్భంలో ప్రవేశపెట్టడానికి తగిన దశ. నూరు అండాలతో మొదలుపెడితే ఈ దశకు చేరేవి సాధారణంగా 30, 40 మాత్రమే. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇది పగటి కల కాదు. ఈ పద్ధతిలో మొదటి ఆవుదూడ 1981లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టినది. మన దేశంలో కర్నాలులోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లో గేదెదూడ పుట్టినది, దానికి ప్రథమ్ అని పేరు పెట్టారు. 2023లో తిరుపతి గోసంరక్షణశాలలో పిండ మార్పిడి ద్వారా ఒంగోలు ఆవు ఒక సాహీవాల్ దూడను ఈనినది. అంటే ఈ విద్య తెలుగు నేలకు కూడ వచ్చినది.

పిండం ఆడదా మగదా అని తెలుసుకొనేది ఎట్లా? సూక్ష్మదర్శినిలో చూస్తే తెలియదు. కణాలలో వై క్రోమోజోముకు ప్రత్యేకమైన డి.ఎన్.ఏ. తునక ఉన్నదా అని చూస్తారు. ఉన్న ఆ చిన్న తునకను కోట్ల ప్రతులుగా పెంచి గుర్తించే పి.సి.ఆర్. పరీక్ష కరోనా కాలంలో పిల్లలందరికీ పరిచయమైనదే. అక్కడ ముక్కులో పుల్ల పెట్టి విషక్రిమి కోసం వెదికారు, ఇక్కడ పిండంలో వై కోసం వెదుకుతారు.

ఇక పత్రం గుణదోషాలు.

మొదట మెచ్చుకోవలసినది దాని శీర్షిక. "ప్రయోగశాలలో ఉత్పత్తి చేసి, పెంచిన" అన్న మాటలు వదలకుండ శీర్షికలోనే పెట్టారు. పశు పిండాలలో మగవి వేగంగా పెరుగుతాయని వారు అనలేదు. ఈ రెండు వాక్యాలకు ఎంతో భేదం ఉన్నది. దానిని ఒకరి నుంచి మరొకరు చెప్పుకొనేటప్పుడు ఆ విశేషణం రాలిపోయినది. మగ పిండం చురుకు, ఆడ పిండం మందం అని ఒక ప్రకృతి ధర్మంగా వాక్యం నిలిచిపోయినది. ఇందులో నేను ఇతరులను తప్పుపట్టను. పత్రం మొదటిసారి చదివిన కొత్తలో నేను కూడ తరగతిలో అట్లాగే చెప్పినాను. పిల్లలలో మగవారు నవ్వినారు, ఆడవారు తల వంచుకొని రాసుకొన్నారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ బాగా అనిపించదు.

రెండవది, ఇటువంటి పనులన్నిటిలో ఉన్న ఒక గుడ్డి చోటు. పిండాన్ని మొత్తంగా పి.సి.ఆర్. పరీక్షకు వాడితే ఆ పిండం అంతటితో సరి. దాని లింగం తెలుస్తుంది కాని, అది ఇంకొక రోజు బతికితే ఏమి చేసేదో తెలియదు. ఏడవ రోజున ముందున్న దానిని, వెనుక ఉన్న దానిని పట్టి లింగం చూస్తాము. ముందున్న వాటిలో ఆడవి తక్కువ కావడానికి రెండు కారణాలు ఉండవచ్చును. ఆడ పిండాలు నిదానంగా నడుస్తున్నాయి కనుక ఇంకా చేరలేదన్నది ఒకటి. దారిలోనే ఎక్కువగా చనిపోయాయన్నది రెండవది. ఆరవ తరగతిలో ఎందరు చేరారో చూడకుండ, పదవ తరగతి పరీక్ష గదిలో కూర్చున్న వారిని మాత్రం లెక్కించి, "ఆడపిల్లలు చదువులో మందం" అని తేల్చే తనిఖీదారు ఎట్టివాడో, ఇదీ అట్టిదే. నూరు అండాలలో 60, 70 గమ్యం చేరడం లేదని పైన చెప్పినాను గదా. కథలో పెద్ద భాగం ఆ చేరని వాటిలోనే దాగి ఉన్నది. "వేగం" అన్న మాటలోకి బతుకు, చావు రెండూ కలిసిపోయినవి.

ఇక్కడ సంఖ్యల మాట కూడ ఒకటి. ముందంజలో ఉన్న 20 పిండాలను చూచి, 14 మగవి కనిపించినవనుకొందాం. చూడగానే గొప్ప భేదం అనిపిస్తుంది. కాని బొమ్మా బొరుసు నాణెం 20 సార్లు ఎగురవేసినా ఏదో ఒక వైపు 14గాని అంతకన్న ఎక్కువగాని పడడం నూటికి 11, 12 సార్లు జరుగుతుంది. అదే 100 పిండాలలో 70 మగవి అయితే, నాణెం వల్ల అట్లా రావడం పదివేలకు ఒకసారి కూడ లేదు. నిష్పత్తి ఒకటే, నమ్మకం వేరు. గ్వెల్ఫ్, కోపెన్‌హేగన్‌ల పని నిలిచినది ఒక పత్రం బలం మీద కాదు. వేర్వేరు దేశాలలో, వేర్వేరు చేతులలో అదే మొగ్గు మళ్ళీ కనిపించినందు వల్లనే. ఐతే అన్ని చోట్లా కనిపించలేదు. ఆ కనిపించని చోట్లే అసలు విషయాన్ని బయటపెట్టినవి.

1996లో ఫిన్లాండులో బ్రెడ్‌బాకా ద్వయం ఒక చిన్న మార్పు చేశారు. పిండాలను పెంచే యానకంలో గ్లూకోజు ఉంటే ఏమవుతుంది, లేకుంటే ఏమవుతుంది అని చూచారు. గ్లూకోజు ఉన్నప్పుడు మగ పిండాలు ముందుకు పోయినవి. లేనప్పుడు ఆ భేదం కనిపించలేదు. 2001లో స్పెయినులో గుటియెరెజ్ అదాన్ బృందం కూడ గ్లూకోజు వల్ల బ్లాస్టోసిస్టులలో ఆడ, మగ పాళ్ళు మారుతున్నాయని చూపినది. ఇంతకాలం పిండం గుణం అనుకొన్నది పళ్ళెంలోని పంచదార గుణం కూడ అయినది.

ఆ గ్లూకోజు పళ్ళెంలోకి ఎట్లా వచ్చినది? ఆ రోజులలో పశు పిండాల ప్రయోగశాలలలో విరివిగా వాడిన టి.సి.ఎం.–199 అనే యానకాన్ని 1950లో టొరంటోలో కోడిపిండపు కణజాలం పెంచడానికి తయారుచేశారు. లీటరుకు ఒక గ్రాము గ్లూకోజు అందులో ఉంటుంది. కోడి కణజాలానికి అది హితవు. ఆవు అండవాహికలోని ద్రవంలో గ్లూకోజు అంతకన్న చాల తక్కువ. ఎనిమిది, పదహారు కణాల దశ దాటి తన సొంత జన్యువులు పూర్తిగా పనికి దిగేదాకా పశు పిండానికి గ్లూకోజు అంతగా అవసరం లేదు, ఎక్కువైతే చెరుపు కూడ. సులభంగా దొరికే సీసాలోని ద్రవం వాడారు, అది ఎవరికి సరిపడుతుందో వారు బాగా పెరిగారు. పొరుగువాడి చెప్పులు వేసుకొని నడిచినవాడు వెనుకబడితే కాళ్ళను నిందించడం న్యాయం కాదు.

మరి గ్లూకోజు ఆడ పిండాన్నే ఎందుకు ఎక్కువ ఇబ్బంది పెట్టాలి? ఉపాధ్యాయులకు పాఠంలో పనికివచ్చే విషయం ఇదే. ఆడ పిండంలో ఎక్స్ క్రోమోజోములు రెండు, మగ పిండంలో ఒకటి. పెద్ద జంతువులో ఈ తేడా సరిచేయబడి ఉంటుంది. ఆడ శరీరపు ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుందని 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ చెప్పినది. మన పాఠ్యగ్రంథాలు అంతవరకు చెబుతాయి. ఆ నిద్ర ఎప్పుడు పడుతుందో చెప్పవు. తొలి వారపు పశు పిండంలో అది ఇంకా పూర్తి కాదు. కనుక కొంతకాలం ఆడ పిండంలో రెండు ఎక్స్‌లూ మేలుకొని ఉండి, వాటి మీది కొన్ని జన్యువులు మగ పిండంలో కన్న ఎక్కువ పని చేస్తాయి.

అట్టి జన్యువులలో ఒకటి జి.6.పి.డి. అనే ఎంజైముకు సంబంధించినది. ఈ పేరు కొందరు తల్లిదండ్రులు కూడ విని ఉంటారు. అది లోపించిన మగపిల్లలకు కొన్ని మందులు వాడితే రక్తకణాలు పగిలిపోతాయని వైద్యులు హెచ్చరిస్తారు. ఎక్స్ మీది జన్యువు కనుకనే ఆ లోపం మగవారిలో ఎక్కువగా బయటపడుతుంది. ఈ ఎంజైము గ్లూకోజును శక్తి కోసం నేరుగా కాల్చే బాట నుంచి తప్పించి మరొక బాటకు మళ్ళిస్తుంది. ఆ పక్కబాటలో కణానికి డి.ఎన్.ఏ. కట్టుకొనే చక్కెరలు, ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే సరుకు తయారవుతాయి. 1991లోనే గ్వెల్ఫ్ వారు మగ పిండం మొత్తం మీద గ్లూకోజును ఎక్కువ వాడుతున్నదని, ఆడ పిండంలో ఈ పక్కబాట ఎక్కువగా నడుస్తున్నదని కొలిచి చూపారు. ఒకే బియ్యం, రెండు వంటలు. యానకంలో గ్లూకోజు పెరిగితే రెండింటి మీద ప్రభావం ఒకటిగా ఉండకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాని ఇదే సంపూర్ణ సమాధానమని నేను అనను. ఎలుకలలో వై క్రోమోజోము వల్లనే పిండపు కణాల సంఖ్య పెరుగుతున్నదని 1993లో బర్గోయిన్ చూపినాడు. అక్కడ వై తోసింది, ఇక్కడ రెండవ ఎక్స్ లాగింది అని రెండు వాదాలు. రెండూ కొంత కొంత నిజం కావచ్చును. ఎలుక పిండం ఆవు పిండం కాదు.

ఇప్పుడు మన బోధన మీద నా విమర్శ. లింగ భేదం జననగ్రంథులతో మొదలవుతుందని మనం చెబుతాము. వృషణం ఏర్పడితే దాని స్రావాల వల్ల మగ శరీరం, ఏర్పడకుంటే ఆడ శరీరం. 1947లో ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాల మీద చేసిన శస్త్రచికిత్సలు, 1990లో వై క్రోమోజోము మీద కనుగొన్న ఎస్.ఆర్.వై. జన్యువు దీనికి ఆధారాలు. మన రైతులకు ఇంకా పాత ఆధారం తెలుసు. కోడెతో జంటగా పుట్టిన పెయ్య చాలవరకు చూలు కట్టదు. గర్భంలో రెండింటి రక్తం కలిసి, కోడె స్రావాలు పెయ్య గర్భకోశాన్ని చెడగొడతాయని 1916లో షికాగోలో ఫ్రాంక్ లిల్లీ వివరించినాడు. ఇదంతా సత్యమే. కాని ఇందులోంచి మనం ఒక అదనపు మాట పుట్టించినాము: అంతవరకు ఆడ పిండం, మగ పిండం ఒకటే అని. పశువులో వృషణం రూపు దిద్దుకొనేది సుమారు ఆరు వారాల వయసులో. ఏడవ రోజు పిండానికి వృషణం లేదు, హార్మోను లేదు, తల తోక లేదు. ఐనా 2010లో స్పెయిను, ఐర్లండు, జర్మనీ శాస్త్రజ్ఞులు కలిసి పరిశీలిస్తే, పశు బ్లాస్టోసిస్టులలో పనిచేస్తున్న జన్యువులలో మూడవ వంతు ఆడ, మగ పిండాలలో వేర్వేరు మోతాదులలో పనిచేస్తున్నవి. అవన్నీ ఎక్స్, వై ల మీదివి కావు. చాలభాగం ఇతర క్రోమోజోముల మీదివే. పాఠంలో ఈ ఒక్క వాక్యం చేర్చితే చాలు, లింగ నిర్ధారణ వేరు, లింగ భేదం మొదలు కావడం వేరు అని పిల్లవాడికి తెలుస్తుంది.

ఈ 2010 పనిలో ఒక ఉపాయం నాకు నచ్చినది. వారు పిండాన్ని తయారుచేసిన తరువాత లింగం వెదకలేదు. ముందే ఎక్స్, వై శుక్రకణాలను వేరుచేసి, ఆడ పిండాలను ఒక పళ్ళెంలో, మగ పిండాలను మరొక పళ్ళెంలో తయారుచేశారు. నేను పైన చెప్పిన గుడ్డి చోటు దీనితో చాలవరకు తొలగుతుంది. ఐతే వేరుచేసే యంత్రం గుండా వెళ్ళిన శుక్రకణానికి కొంత దెబ్బ తగులుతుంది. ఒక దోషం తీసేచోట ఇంకొకటి చేరడం ప్రయోగశాలలో మామూలే.

వేగం అంటే బలం కాదన్న మాట కూడ చెప్పవలసి ఉన్నది. గర్భంలో చేరిన పిండం "నేను ఇక్కడ ఉన్నాను, మళ్ళీ ఎదకు రావద్దు" అని తల్లి శరీరానికి కబురు పంపాలి. ఆవులో ఆ కబురు ఇంటర్‌ఫెరాన్ టా అనే ప్రోటీను. 2001లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వారు చూచినప్పుడు, బాగా ఉబ్బిన బ్లాస్టోసిస్టు దశకు చేరడంలో వెనుకబడిన ఆడ పిండాలే ఈ ప్రోటీనును మగ వాటికన్న సుమారు రెండింతలు తయారుచేస్తున్నవి. పరుగు పందెంలో రెండవ బహుమతి వచ్చిన పిల్ల వక్తృత్వంలో మొదటిదైనట్లు! వయసు పెరిగేకొద్దీ ఈ తేడా నిలవదు, కనుక దీని మీద కూడ పెద్ద మేడ కట్టరాదు.

ఇదంతా ఎల్లారెడ్డి దగ్గరి రైతు కొట్టానికి ఏమి సంబంధం అని ఎవరైన అడగవచ్చును. సంబంధం ఉన్నది. ఏడవ రోజు పళ్ళెం ముందు కూర్చున్న సాంకేతికుడు ఏ పిండాన్ని ఎన్నుకొంటాడు? అందరికన్న ముందు ఉబ్బిన దానిని, గుండ్రంగా, నిండుగా ఉన్న దానిని. అది సహజం. గ్లూకోజు ఎక్కువైన పళ్ళెంలో ఆ మొదటి వరుసలో మగవే ఎక్కువ. ఎవరి దురుద్దేశం లేకుండానే, మంచి పిండం ఎన్నుకొన్నామన్న తృప్తితోనే, కోడెదూడలు ఎక్కువగా పుట్టే ఏర్పాటు జరిగిపోతుంది. ఆవు దానిని సుమారు 280 రోజులు మోస్తుంది. ఆ తొమ్మిది నెలల గడ్డీ దాణా ఖర్చు ఆ ఇంటిది. పాడి కోసం పెయ్యను కోరుకొన్న ఇంట కోడె పుడితే, "సూదివల్ల" అన్న ఆ తండ్రి మాట ఈసారి పూర్తిగా తప్పు కాదు. నా నవ్వే తప్పు.

దీనికి నేడు వాడుతున్న మందు లింగ నిర్ధారిత వీర్యం. పశువులో ఎక్స్ శుక్రకణంలో వై శుక్రకణం కన్న డి.ఎన్.ఏ. సుమారు 3.8 శాతం ఎక్కువ. రంగు పట్టించి, లేజరు కిరణం ముందు ఒక్కొక్క కణాన్నీ పోనిచ్చి, మెరుపులోని ఆ స్వల్ప భేదాన్ని బట్టి వేరుచేస్తారు. 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఇటువంటి వీర్యనాళికలను మన దేశంలో ప్రోత్సహిస్తున్నారు. ఇవి వాడితే నూటికి 90 వరకు పెయ్యలు పుడతాయి. "పెయ్యదూడే పుడుతుంది" అని నోటిమాటగా ప్రచారమైతే మాత్రం మిగిలిన పది ఇళ్ళలో మళ్ళీ తిట్లే. చూలు నిలిచే అవకాశం సాధారణ వీర్యం కన్న కొంత తక్కువని కూడ రైతుకు ముందే చెప్పాలి.

నా అనుమానం ఇంకొకటి ఉన్నది. ఎక్స్ శుక్రకణాలతో ఆడ పిండాలనే తయారుచేసినంత మాత్రాన పళ్ళెం సమస్య తీరదు. ఆడ, మగ కలిసిన పిండాలలో మొత్తం మీద ఎన్ని బ్లాస్టోసిస్టులు వచ్చాయో చూచి మెరుగుపరచిన యానకం మగవాటికి అనుకూలమైనదై ఉండవచ్చును గదా. అదే యానకంలో ఆడ పిండాలను మాత్రమే పోసి, "లింగ నిర్ధారిత వీర్యంతో పిండాలు తక్కువగా వస్తున్నాయి" అంటే నేరం వీర్యం మీద పడుతుంది, యానకం తప్పించుకొంటుంది. ప్రయోగశాలలు యానకాలను ఆడ పిండాల మీద విడిగా పరీక్షించి ఆ లెక్కలు విడిగా ప్రకటిస్తే బాగుంటుంది.

ఇంకొక లోపం మనది. నేను పేర్కొన్న పత్రాలలో దాదాపు అన్నీ ఐరోపా, అమెరికా ఖండాలవి. మన ఒంగోలు జాతి బ్రెజిలుకు పోయి, అక్కడ నెల్లూరు పేరు మీద నెలోరె అయి, లక్షల మందలుగా పెరిగినది. 1960లలో ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్ళిన కరవది అనే ఆంబోతు పేరు అక్కడి పశుపోషకులకు నేటికీ తెలుసు. గాజుపాత్రలో పిండాలను అత్యధికంగా తయారుచేసే దేశాలలో బ్రెజిలు ఒకటి, ఆ పిండాలలో నెలోరె వాటా పెద్దది. మన పశువు అక్కడ పళ్ళెంలో పెరుగుతున్నది, మనం ఇక్కడ పరదేశపు పశువుల పిండాల మీద రాసిన వాక్యాలు వల్లిస్తున్నాము. బర్రె సంగతి సరేసరి. ఆవుకు క్రోమోజోములు 60, మన బర్రెకు 50. ఆవు పిండం మీద తేలిన దానిని పేరు మార్చి బర్రెకు అంటగట్టరాదు. కామారెడ్డిలోనే పాడి సాంకేతిక కళాశాల ఉన్నది. అక్కడివారు పాల సంగతి చూస్తారు, పిండాల సంగతి పశువైద్య కళాశాలలది. ఐనా జిల్లాలో ఈ విషయం చర్చించదగిన వేదికలు లేకపోలేదు.

ఈ సంవత్సరం పాఠం వచ్చినప్పుడు ఆ ప్రశ్నకు నవ్వలేదు. సూది వేరు, గాజుపాత్ర వేరు అని రెండు భాగాలుగా చెప్పి, తరగతికి ఒక పని ఇచ్చినాను. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు కూడ దీనిని చేయించవచ్చును. ప్రతి విద్యార్థి తన ఇంటిలోను, ఇరుగు పొరుగు నాలుగు ఇళ్ళలోను గత మూడు ఈతల వివరం తేవాలి. నోటుపుస్తకంలో నిలువు గీతలు గీసి ఆరు అరలు చేయాలి: ఆవా బర్రెనా, ఎన్నవ ఈత, ఆంబోతా సూదా, సూది అయితే సాధారణ వీర్యమా లింగ నిర్ధారిత వీర్యమా, కోడెనా పెయ్యనా, దూడ ఇప్పుడు ఉన్నదా లేదా. ఈ చివరి అర అన్నిటికన్న ముఖ్యం. పుట్టి నాలుగు రోజులకే పోయిన దున్నదూడను ఇంటివారు మరచిపోతారు, అడిగితే కాని చెప్పరు. కొట్టంలో కట్టేసి ఉన్న దూడలను మాత్రం చూచి రాసుకొని వచ్చిన పిల్లవాడి లెక్కలో పెయ్యలు ఎక్కువగా కనిపిస్తాయి. వాడిని మళ్ళీ ఇంటికి పంపి, చనిపోయిన వాటిని, సంతలో అమ్మిన వాటిని కూడ అడిగి రమ్మనాలి.